ఇంటర్వ్యూ ముగిసింది.. ఉత్తరం మిగిలింది!

జనగామ: ‘మళ్లీ తెలియజేస్తాం, వెళ్లి రండి’. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకు హాజరై సాయంత్రం రైలులో తిరిగివచ్చే మన ప్రాంత పట్టభద్రుల్లో అత్యధికులు వెంట తెచ్చుకునే మాట ఇదే. ఆ తర్వాత రోజులు వారాలవుతాయి. ఫోన్‌ మోగదు. ఏమైందని ఇంట్లో అడిగితే చెప్పేందుకు సమాధానం ఉండదు. తామే ముందుగా సంస్థను సంప్రదిస్తే చులకనవుతామేమోనన్న బెరుకు మరోవైపు. నగరంలో చదివిన అభ్యర్థులు ఇంటర్వ్యూ ముగిసిన మర్నాడే పంపే నాలుగు వాక్యాల ఈ-మెయిల్‌ గురించి పల్లె కళాశాలల్లో చెప్పేవారు అరుదు.

ఆ ఉత్తరం లేకపోవడం వల్ల జరిగే నష్టానికి జిల్లాలోని ఓ వాణిజ్యశాస్త్ర పట్టభద్రురాలి అనుభవమే ఉదాహరణ. ఓ ప్రైవేటు సంస్థలో అకౌంట్స్‌ సహాయకురాలి ఉద్యోగానికి ఆమె ఇంటర్వ్యూకు వెళ్లి వచ్చారు. ఇరవై రోజులు ఎదురుచూసి, ఆశ వదులుకొని, స్థానికంగా ఓ దుకాణంలో లెక్కలు రాసే పనిలో చేరారు. తర్వాత వేరే అవసరం కోసం మెయిల్‌ తెరిచి వెతుకుతుండగా స్పామ్‌ విభాగంలో ఆ సంస్థ ఉత్తరం కనిపించింది. ధ్రువపత్రాల నకళ్లను మూడు రోజుల్లోగా పంపాలన్నది అందులోని సారాంశం. గడువు దాటి అప్పటికే రెండు వారాలు గడిచిపోయింది. ఆ స్థానంలో మరొకరు చేరిపోయారు. జీమెయిల్‌లో స్పామ్‌లోకి చేరిన ఉత్తరాలు 30 రోజుల తర్వాత వాటంతటవే తొలగిపోతాయి. మరికొన్నాళ్లు ఆలస్యమైతే ఉద్యోగం వచ్చిందన్న సంగతే ఆమెకు తెలిసేది కాదు. ఇంటర్వ్యూ మర్నాడు ఆమె ఒక్క ఉత్తరం రాసి ఉంటే, దానికి జవాబుగా వచ్చే మెయిల్‌ స్పామ్‌లోకి వెళ్లే అవకాశం చాలా తక్కువగా ఉండేది.

ఎవరికి, ఎప్పుడు?

ఉత్తరాన్ని ఇంటర్వ్యూ జరిగిన 24 గంటల్లోగా పంపడం ఉత్తమం. ఇంటర్వ్యూకు రమ్మని వచ్చిన మెయిల్‌కే ‘రిప్లై’ నొక్కి రాయాలి. పాత ఉత్తరం కిందనే ఉంటుంది కనుక, వందలాది మంది అభ్యర్థుల్లో మీరెవరో అవతలివారు వెతుక్కోవాల్సిన పని తప్పుతుంది. పిలుపు ఫోన్‌లోనే వచ్చి ఉంటే, బయటకు వచ్చేముందే హెచ్‌ఆర్‌ సిబ్బందిని మెయిల్‌ చిరునామా అడిగి రాసుకోవాలి. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. కన్సల్టెన్సీ ద్వారా వెళ్లినవారు ముందుగా కన్సల్టెన్సీకే రాయాలి. ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నలను తిరుగు ప్రయాణంలోనే కాగితంపై పెట్టుకోవడం మేలు. ఇంటికి చేరి పడుకుని లేస్తే సగం గుర్తుండవు.

ఏం రాయాలి?

ఇంగ్లిష్‌ బాగా రాదన్న భయంతోనే చాలామంది వెనకడుగు వేస్తున్నారు. నిజానికి ఇక్కడ కావాల్సింది పాండిత్యం కాదు. ఐదారు చిన్న వాక్యాలు తప్పుల్లేకుండా ఉంటే చాలు. సబ్జెక్టు గడిలో మీ పేరు, ఉద్యోగం పేరు, ఇంటర్వ్యూ తేదీ ఉండాలి. లోపల రాయాల్సిన భావం ఇలా ఉండవచ్చు: ‘సోమవారం ఉదయం అకౌంట్స్‌ సహాయకుల ఉద్యోగానికి నన్ను ఇంటర్వ్యూ చేసినందుకు కృతజ్ఞతలు. టాలీలో కొనుగోలు బిల్లుల నమోదు గురించి మీరు వివరించిన విధానం నాకు ఉపయోగపడింది. బ్యాంకు ఖాతా సరిపోల్చడంపై మీరు అడిగిన ప్రశ్నకు అసంపూర్ణంగా జవాబిచ్చాను. జారీచేసినా బ్యాంకులో ఇంకా చెల్లింపు జరగని చెక్కులను కూడా లెక్కలోకి తీసుకోవాలని చెప్పి ఉండాల్సింది. ఈ ఉద్యోగంలో చేరేందుకు ఆసక్తిగా ఉన్నాను. మరే పత్రాలైనా కావాలంటే పంపగలను’. చివర పేరు, ఫోన్‌ నంబరు.

ఇందులో బలమంతా మధ్యలో ఉన్న రెండు వాక్యాలదే. కృతజ్ఞతలు ఎవరైనా చెబుతారు. ఆ గదిలో జరిగిన సంభాషణను ప్రస్తావించగలిగేది అక్కడ కూర్చున్న అభ్యర్థి ఒక్కరే. తడబడిన ప్రశ్నకు సరైన జవాబు పంపడం తప్పును ఒప్పుకోవడమే అయినా, ఇంటికి వెళ్లి తెలుసుకున్నారన్న విషయం ఎదుటివారికి అర్థమవుతుంది. అయితే ఇలా ఒక్క ప్రశ్నకే పరిమితం కావాలి. ప్రశ్నపత్రమంతా తిరగరాయకూడదు.

ఇటీవల చాట్‌జీపీటీ వంటి సాధనాలతో ఉత్తరాలు రాయించుకుంటున్నారు. వ్యాకరణం సరిచూసుకునేందుకు వాటిని వాడుకోవచ్చు. ఉన్నది ఉన్నట్లు అతికిస్తే మాత్రం అందరి ఉత్తరాలూ ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. ‘ఇక్కడ మీ పేరు రాయండి’ అన్న చోటును నింపకుండానే పంపించేసే ప్రమాదమూ ఉంది.

మరో విషయం చెప్పక తప్పదు. తండ్రి అనారోగ్యం, వ్యవసాయంలో అప్పులు, చెల్లెలి పెళ్లి.. ఇవన్నీ ఉత్తరంలో ఏకరువు పెట్టే అభ్యర్థులున్నారు. ఆ కష్టాలు నిజమే కావచ్చు. కానీ చదివే అధికారి వాటిని తీర్చలేరు. జాలిపడి ఉద్యోగం ఇచ్చే వెసులుబాటూ వారికి ఉండదు. బడిలో నేర్చిన సెలవు చీటీ ధోరణిలో ‘ప్రాధేయపడుతున్నాను’ వంటి మాటలూ అనవసరం. సరదాగా పెట్టుకున్న హీరో పేరుతో, 143 అంకెలతో ఉన్న మెయిల్‌ చిరునామా ఉంటే ఈ పనికి కొత్తది తెరుచుకోవాలి.

జవాబు రాకుంటే..

ఫలానా రోజుకు చెబుతామని సంస్థ చెప్పి ఉంటే, ఆ తేదీ దాటాక రెండు మూడు పనిదినాలు ఆగి ఒకసారి అడగవచ్చు. తేదీ చెప్పకపోతే వారం, పది రోజులు వేచిచూడాలి. రెండోసారి కూడా స్పందన లేకుంటే అక్కడితో విడిచిపెట్టి తర్వాతి ప్రయత్నం చూసుకోవాలి. వేరే సంస్థ నుంచి నియామక పత్రం చేతిలో ఉంటే, ఏ తేదీలోగా వారికి జవాబివ్వాలో ఉన్నదున్నట్లు రాయవచ్చు. లేని ఆఫర్‌ను ఉన్నట్లు చెప్పడం మాత్రం చేటు.

ఆసుపత్రులు, ప్రైవేటు పాఠశాలలు, షోరూంలలో చాలాచోట్ల మెయిల్‌ చూసేవారే ఉండరు. అక్కడ పనివేళల్లో ఒక ఫోన్‌ చేయడమే మంచిది. వాట్సప్‌లో పిలిచినవారికి వాట్సప్‌లోనే రాయవచ్చు గానీ, రాత్రి పదింటికి ‘హాయ్‌ సర్‌’ అని మాత్రం కాదు.

సర్కారు కొలువుకు వర్తించదు

ప్రభుత్వ నియామకాల్లో ఈ పద్ధతి పనికిరాదు సరికదా, ముప్పు తెస్తుంది. ఎంపిక కోసం బోర్డు సభ్యులను, అధికారులను ప్రభావితం చేసే ప్రయత్నాన్ని నోటిఫికేషన్లు అనర్హతగా పరిగణిస్తాయి. కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్‌-సి, గెజిటెడ్‌ కాని గ్రూప్‌-బి పోస్టులకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలనే తొలగించారు. ఇంటర్వ్యూ ఉన్న పోస్టులకైనా ఫలితాన్ని కమిషన్‌ వెబ్‌సైట్‌లోనే చూసుకోవాలి. నియామకంపై సందేహాలుంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేసుకోవచ్చు. సాధారణంగా 30 రోజుల్లోగా సమాధానం ఇవ్వాల్సి ఉంటుంది.

జవాబు కోసం ఆత్రపడే అభ్యర్థులపై మోసగాళ్ల కన్నూ ఉంది. ‘ఎంపికయ్యారు, ల్యాప్‌టాప్‌ డిపాజిట్‌ చెల్లించండి’ అంటూ వచ్చే మెయిళ్లలో చిరునామాను పూర్తిగా చదవాలి. ‘ఎట్‌’ గుర్తు తర్వాత సంస్థ పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా అనుమానించాల్సిందే. డబ్బు పోగొట్టుకున్నవారు వెంటనే 1930 నంబరుకు ఫోన్‌ చేసి ఫిర్యాదు చేయాలి.

దుకాణంలో లెక్కలు రాస్తున్న ఆ యువతి ఇటీవల మరో ఇంటర్వ్యూకు హాజరయ్యారు. తిరుగు ప్రయాణంలో, జనగామ స్టేషన్‌ రాకముందే ఫోన్‌లో ఉత్తరం రాసి పంపారు. మర్నాడు ఉదయం ‘అందింది, పరిశీలిస్తున్నాం’ అంటూ ఒక వాక్యం జవాబు వచ్చింది. స్పామ్‌ విభాగాన్ని ఆమె ఇప్పుడు రోజూ చూస్తున్నారు.