ఆపిన కూలి ఎందుకు పాపం? పనివారి గురించి క్రైస్తవ బోధ

మే 1 కార్మిక దినోత్సవమని అందరికీ తెలుసు. అదే రోజు కతోలిక చర్చిల్లో శ్రామికుడైన పునీత జోజప్ప పండుగ అన్న సంగతి మన సంఘంలో చాలామందికి తెలియదు. యేసును పెంచిన జోజప్ప వడ్రంగి. ఆయన పేరిట 1955లో 12వ పయస్ పోపు ఈ పండుగను ఏర్పాటు చేశారు. దాని వెనక ఉన్న బోధ చర్చికి వెళ్లేవారికే కాదు, ఇంట్లో పనిమనిషికో, కొట్లో కుర్రాడికో జీతమిచ్చే ప్రతివారికీ సంబంధించినదే.

క్రైస్తవ బోధలో పాపం అంటే తలరాత కాదు. మనిషి స్వభావం బలహీనమైనదని ఆ బోధ ఒప్పుకుంటుంది. అయినా మంచి చెడుల మధ్య ఎంచుకునే స్వేచ్ఛను దేవుడు ఇచ్చాడని, అందుకే చేసిన పనికి మనిషే జవాబుదారీ అని చెబుతుంది. కతోలిక బోధ ప్రకారం ఒక తప్పు ఘోరపాపం కావాలంటే మూడు ఉండాలి. విషయం పెద్దదై ఉండాలి. అది తప్పని తెలిసి ఉండాలి. ఇష్టపూర్వకంగా చేసి ఉండాలి.

మరి కూలి ఆపడం అంత పెద్ద విషయమా? బైబిలు దృష్టిలో పెద్దదే. బీద కూలివాడు స్వజనుడైనా, పరదేశి అయినా, పొద్దు గుంకకముందే కూలి ఇచ్చెయ్యాలని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం ఆదేశిస్తుంది. ఎగ్గొట్టిన కూలి దేవుడికి మొరపెడుతుందని యాకోబు పత్రిక 5వ అధ్యాయం హెచ్చరిస్తుంది. కతోలిక బోధ దీన్ని హేబెలు హత్యతో పాటు, ఆకాశానికి మొరపెట్టే పాపాల వరసలో చేర్చింది. లూథరన్, బాప్టిస్టు, సీఎస్ఐ వారు పాపాలను ఇలా వరసలు కట్టకపోవచ్చు. కానీ ఆ బైబిలు మాటలు అందరికీ ఒకటే.

“ఆ జీతానికి వాడే ఒప్పుకున్నాడు కదా” అని మనం అంటుంటాం. దీనికి 13వ లియో పోపు 1891 మే 15న ‘రేరుమ్ నోవారుమ్’ అనే లేఖలో జవాబిచ్చారు. యూరప్ ఫ్యాక్టరీల్లో కార్మికులు నలిగిపోతున్న కాలమది. ఆ లేఖ సొంత ఆస్తి హక్కును సమర్థించింది, సోషలిజాన్ని కాదంది. అయినా జీతం దగ్గర గట్టిగా నిలబడింది. కడుపు మాడి, గత్యంతరం లేక ఒప్పుకున్న ఒప్పందం న్యాయమైనది కాదని, బతకడానికి సరిపడే జీతమివ్వడం ఏ ఒప్పందం కన్నా పెద్ద ధర్మమని చెప్పింది. అంటే ఇచ్చేవాడికి ఎంచుకునే స్వేచ్ఛ ఉంది, పుచ్చుకునేవాడికి లేదు. కాబట్టి బాధ్యత ఇచ్చేవాడిదే.

తర్వాత 1981లో రెండవ జాన్ పాల్ పోపు ‘లాబోరెమ్ ఎక్సెర్సెన్స్’ అనే లేఖ రాశారు. నాజీల కాలంలో పోలండ్‌లో రాతి క్వారీలోనూ, రసాయనాల ఫ్యాక్టరీలోనూ పనిచేసిన మనిషి ఆయన. పని మనిషి కోసమే గాని మనిషి పని కోసం కాదని, పని విలువ చేసే మనిషిని బట్టి ఉంటుందని అందులో వివరించారు. ఈ లెక్కన పాకీ పనికీ, ఆఫీసు పనికీ గౌరవంలో తేడా లేదు.

కోలారు బంగారు గనులకు, షోలాపూర్ మగ్గాలకు, ముంబయి కామాఠిపురకు మనవాళ్లు వెళ్లింది కూలికే. పరాయి ఊళ్లో కూలి కోసం ఎదురుచూడడం ఎలా ఉంటుందో మన తాతలకు తెలుసు. ఇప్పుడు మనలో చాలామందిమి జీతమిచ్చే వైపు ఉన్నాం.

నేను గుమాస్తాగా దినకూలీల బిల్లులు రాసినవాణ్ణి. ఒకసారి పండుగ ముందు ఒక బిల్లు సంతకం లేక వారం రోజులు బల్ల మీదే ఉండిపోయింది. లోపలికి వెళ్లి ఒక్క మాట గుర్తుచేస్తే సరిపోయేది. “మన చేతిలో ఏముంది” అనుకుని ఊరుకున్నాను. ఆ ఒక్క మాట నా చేతిలోనే ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మన సంఘం సభ్యులకు నా మనవి ఒక్కటే. ఇంట్లో పనిచేసేవారి జీతం ఒకటో తేదీనే ఇవ్వండి. జ్వరమొచ్చి రాలేని రోజులకు కోత పెట్టకండి. పండుగకు అడ్వాన్సు అడిగితే, వాళ్లు రెండోసారి అడిగేదాకా ఆగకండి.