తల రేణుకది, ఒళ్లు ఎవరిది?

వేలూరు పక్కన బాగాయం అంటే మనవాళ్లకు సీఎంసీ, అంటే క్రిస్టియన్ మెడికల్ కాలేజీ. పెద్దాసుపత్రి వేలూరు ఊరి నడుమ ఉంటే, వైద్య కళాశాల, మానసిక చికిత్సా కేంద్రం బాగాయంలో కొండల పక్కన ఉన్నాయి. చిత్తూరు, పలమనేరు, మదనపల్లె నుంచి ఎక్స్‌రే కవర్లు పట్టుకొని వచ్చేవాళ్లకు లాడ్జి గది, మందుల చీటీ తప్ప ఈ ఊరు ఇంకేమీ చూపించదు. మీ రాక మే నడిమధ్యలో పడితే మాత్రం ఒక్క పూట మిగుల్చుకొని వేలూరు జిల్లాలోనే ఉన్న గుడియాత్తం వెళ్లి రండి. తమిళుల వైకాశి నెల తొలిరోజు అక్కడ గంగమ్మ సిరసు పండుగ.

తరణంపేట ముత్యాలమ్మ గుడి నుంచి అమ్మవారి తల ఊరేగుతూ వస్తుంది. గోపాలాపురం గంగమ్మ గుడిలో దాన్ని మొండేనికి అతికిస్తారు. పక్కనే పారే కౌండిన్య మన పలమనేరు వైపు నుంచి దిగిన ఏరే. కథా మనకు తెలిసిందే: జమదగ్ని ఆజ్ఞ, పరశురాముడి గొడ్డలి. రేణుకను కాపాడబోయిన అంటరాని కులపు స్త్రీ తలా తెగింది. బతికించే తొందరలో తలలు తారుమారయ్యాయి. ఊరు మొక్కే తల రేణుకది, దాన్ని మోసే ఒళ్లు ఆ రెండో ఆమెది.

ఊరేగింపును నడిపించేది పంబ, పరై. పరై అంటే మన డప్పే. ఎండుగడ్డి మంట మీద తోలు కాచి, వేలితో తట్టి చూసి, మళ్లీ కాస్తారు. ఒక చేత పొట్టి కర్ర, ఇంకో చేత సన్నని పొడుగు పుల్ల. మనవాళ్ల సిర్ర, చిటికెన పుల్ల ఇవే. చావుకు, చాటింపుకు ఈ మోత కావాలి, వాయించే మనిషి మాత్రం గడప తొక్కకూడదు. ఆ వాయిద్యం పేరుతో ఏర్పడిన కులం పేరే ఇంగ్లీషులోకి వెళ్లి వెలివేసినవాడికి మారుపేరైంది.

మోత కావాలి, మనిషి అక్కర్లేదు: అమెరికాలో బాంజోదీ ఇదే గతి. బానిసలుగా తరలించుకుపోయిన ఆఫ్రికా మనుషులు సొరబుర్రకు తోలు బిగించి చేసుకున్న వాయిద్యం అది. 19వ శతాబ్దంలో మొహాలకు మసి పూసుకున్న తెల్ల నటులు దాన్ని వేదికలెక్కించారు. రానురాను అది తెల్లవాళ్ల పల్లెపాట సొత్తుగా చెలామణి అయింది. 1977లో నార్త్ కరోలినాలో పుట్టిన నల్లజాతి గాయని రియానన్ గిడెన్స్ ఒపేరా చదివారు. 2005లో నల్లజాతి బాంజో కళాకారుల సమావేశానికి వెళ్లాక ఆమె దారి మారింది. ఎనభై దాటిన ఫిడేలు విద్వాంసుడు జో థాంప్సన్ ఇంటికి వారం వారం వెళ్లి, పక్కన కూర్చుని నేర్చుకున్నారు. ఆమె కరోలినా చాకొలేట్ డ్రాప్స్ బృందానికి గ్రామీ, ఆమెకు 2017లో మెకార్థర్ ఫెలోషిప్, 2023లో మైఖేల్ ఏబెల్స్‌తో కలిసి రాసిన ‘ఒమర్’ ఒపేరాకు పులిట్జర్ వచ్చాయి. నాకైతే వాటన్నిటికన్నా ఆ ముసలాయన ఇంట్లో గడిపిన పూటలే గొప్పవి. మరచిన ఒంటికి ఊపిరి తిరిగొచ్చింది అక్కడే.

మరచిన వాయిద్యాలకు ఊపిరి పోసే ఆ పని మన దగ్గరా జరుగుతోంది. సొరబుర్రల పన్నెండు మెట్ల కిన్నెర పట్టిన దర్శనం మొగులయ్యకు 2022లో, మదురై దగ్గరి అలంగానల్లూరు పరై గురువు వేలు ఆసాన్‌కు 2025లో పద్మశ్రీ దక్కింది. గుడియాత్తం వీధుల్లో వాయించేవాళ్ల పేర్లు మాత్రం ఏ పత్రికలోనూ రావు.

ఈసారి వెళ్తే, సిరసు దగ్గరికి తోసుకుపోయే ముందు మంట దగ్గర తోలు కాచుకుంటున్నవాళ్ల పక్కన కాసేపు నిలబడండి. మొదటి దెబ్బ మెత్తగా పడుతుంది. రెండోసారి కాచాక ఖణఖణమంటుంది.