ఇంట తూచుకొన్న బుద్ధి

గత వేసవి సెలవులలో మా యింటికి వచ్చిన మేనల్లుడు, తొమ్మిదవ తరగతి వాడు, మధ్యాహ్నభోజనమైన పిదప అరుగుమీద చతికిలబడి, సెల్‌ఫోనులో ఇరువది నిమిషములసేపు గళ్లను, త్రికోణములను, బాణపు గుర్తులను నొక్కి నొక్కి, తుదకు "మామయ్యా, నా ఐక్యూ 138!" అని కేకవేసెను. ఆ అంకె తెరమీద కనబడుటకు ముందు 99 రూపాయలు చెల్లింపవలసి వచ్చినదనియు, అవి మా చెల్లెలి ఖాతానుండి పోయినవనియు సాయంకాలమునకు గాని తెలియలేదు. రూపాయల సంగతి యటుండనిండు. ఆ 138 ని నమ్మవచ్చునా?

మామిడిపండ్లను తక్కెడలో వేసి రెండు కిలోలని చెప్పుట వేఱు, పరుగుపందెములో వీడు మూడవవాడని చెప్పుట వేఱు. ఐక్యూ యనునది రెండవ జాతికి చెందిన అంకె. అది యొకని బుద్ధియొక్క పరిమాణమును గాక, సమానవయస్కులలో వాని స్థానమును మాత్రమే తెలుపును. సగటు 100 అనియు, నూటికి 68 మంది 85కును 115కును నడుమ నుందురనియు, 130 దాటువారు నూటికి ఇద్దఱే యనియు ఏర్పఱచుకొన్న లెక్క యిది. ఆ ప్రకారము మావాడు సుమారు 175 మందిలో ఒక్కడన్నమాట. మఱి వానితో పరుగెత్తిన తక్కినవారెవరు? వెక్స్లర్ ఐక్యూ పరీక్ష నాల్గవ కూర్పునకై అమెరికాలో వయస్సు, విద్య, ప్రాంతము మున్నగువానిని విచారించి 2,200 మందిని ఎంపికచేసి, వారందఱకును పరీక్ష పెట్టిన పిమ్మటనే కొలబద్దను గీచిరి. ఫోనులోని పరీక్షకు అట్టి కొలబద్ద యున్నదో లేదో చెప్పువాడు లేడు. ఉన్నను అది తమంతట తామై వచ్చి, తోచక నొక్కినవారి గుంపునుండి గీచినదై యుండును.

ఈ పరీక్షల పుట్టుక నెఱిగినచో విషయము మఱింత తేటపడును. 1905లో పారిస్ నగరమున ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ అను నిరువురు ముప్పది ప్రశ్నల పరీక్ష నొకదానిని కూర్చిరి. బడిలో వెనుకబడిన పిల్లలను కనిపెట్టి వారికి తగిన చదువు చెప్పించుటయే దాని ప్రయోజనము గాని, తెలివిగలవారికి పతకములు పంచుట గాదు. బుద్ధి మార్పులేని స్థిరపదార్థమను వాదమును బినే 1909లో గట్టిగా ఖండించెను. మానసిక వయస్సును అసలు వయస్సుతో భాగించి లబ్ధమును తీయు పద్ధతిని 1912లో జర్మనీ దేశస్థుడు విలియం స్టెర్న్ సూచించెను. ఆ భాగహారము తరువాత మూలబడినను, ఐక్యూ, అనగా బుద్ధిలబ్ధము, అను పేరు మాత్రము నిలిచినది.

నిజమైన పరీక్షను నేనొకసారి దగ్గఱనుండి చూచితిని. బల్లకు ఇటు పిల్లవాడు, అటు మనస్తత్త్వవేత్త. ఎఱుపు తెలుపు ముఖములుగల చెక్క దిమ్మెలను ముందుంచి, బొమ్మలోని ఆకృతిని వానితో పేర్చుమనిరి. పిల్లవాడు మొదటిది చకచక పేర్చి, రెండవదానియొద్ద దిమ్మెలను త్రిప్పి త్రిప్పి విసిగి, కిటికీవైపు చూడసాగెను. ఆమె గడియారమునే గాక ఆ చూపును గూడ గమనించి, కాగితముమీద ఏదియో వ్రాసికొనెను. పిమ్మట అంకెలను సెకనుకొకటి చొప్పున, గొంతులో హెచ్చుతగ్గులు లేకుండ చదివి, తిరిగి చెప్పుమనెను. మాటలకు అర్థములడిగి, సగము సరియైన జవాబునకు సగము మార్కు వేసెను. పిల్లవాడు జ్వరముతో వచ్చినాడో, భయపడినాడో, ప్రశ్నలోని భాషయే తెలియక తెల్లమొగము వేసినాడో ఎదుట కూర్చున్న మనిషికి తెలియును. అరుగుమీద మావానికి ఎదురుగ నున్నది కుక్కరు ఈల, పక్కనుండి "అది కాదన్నా, ఇది" యను వాని చెల్లెలు. పైగా వాని పరీక్షలో నున్నవి గళ్లబొమ్మలే. 1938లో రేవెన్ వెలువరించిన బొమ్మల పరీక్ష జాతికి చెందినవి గనుక అవి వ్యర్థములని చెప్పజాలను. వానిని బాగుగ విప్పినవాడు మందమతి కాడు. అయినను ఒక్క కూర రుచిచూచి విస్తరి నంతటిని మెచ్చుకొనుట యెట్లు?

నిజమైన పరీక్షకు సయితము కొన్ని పాయింట్ల పొరపాటు సహజమే. అందుచేతనే నిపుణులు ఒక్క అంకెను గాక, ఇంతకును అంతకును నడుమ నని వ్రాయుదురు. కొలబద్ద గూడ పాతబడును. అనేక దేశములలో సగటు మార్కులు దశాబ్దమునకు సుమారు మూడు పాయింట్ల చొప్పున పెరుగుచు వచ్చినవని 1980 దశకములో జేమ్స్ ఫ్లిన్ చూపెను. పాత కొలబద్దతో కొలిచిన నేటి పిల్లలు ఉన్నదానికన్న తెలివిగలవారుగ కనబడుదురు.

ఇంట బుద్ధిని కొలుచుకొను వేడుక ఫోనుతో పుట్టినది గాదు. 1962లోనే హాన్స్ ఐసెంక్ తన ఐక్యూను తానే తెలిసికొనుట కొక చిన్న పుస్తకమును వెలువరించెను. నూటికి ఇద్దఱను మాత్రమే చేర్చుకొను మెన్సా సంఘము గూడ సరదాకై అభ్యాసపరీక్షల నిచ్చును గాని, ప్రవేశమునకు పర్యవేక్షణలో వ్రాసినదానినే లెక్కించును. పిల్లవాడు చదువులో వెనుకబడెనని నిజముగ దిగులున్నచో, భారత పునరావాస మండలిలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు నొద్దకు పోవలయును. తెలుగువారికి సికిందరాబాదు మనోవికాసనగరులో మేధోవైకల్యము గలవారికై ఏర్పడిన జాతీయ సంస్థ యున్నది.

ఒకనాటి రాత్రి నేనును ఆ ఫోనుపరీక్షకు కూర్చుండి, కన్నులు మూసికొని తోచినచోటనెల్ల నొక్కితిని. 109 వచ్చినది. డబ్బిచ్చినవానిని నిరుత్సాహపఱచు దుకాణముండదు గదా! మఱునాడు, అన్నపక్కన కూర్చుండి ప్రశ్నలన్నియు చూచియున్న మేనకోడలు పరీక్ష వ్రాసి 145 తెచ్చుకొన్నది. అప్పటినుండి మావాడు ఈ పరీక్షలన్నియు బూటకములే యని వాదించుచున్నాడు.