భూకంపం వస్తే మీ ఇంటి కింద నేల ఆగుతుందా? సాయిల్ టెస్ట్‌లో తేలేది ఇదే!

2024 డిసెంబర్ 4, ఉదయం 7.27 గంటలు. ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. హైదరాబాద్ నుంచి విజయవాడ, తిరువూరు వరకు నేల కంపించింది. జనం ఇళ్లలోంచి బయటకు పరుగులు తీశారు. తిరువూరు దాకా వచ్చిన ఆ ఊపు పక్కనున్న నూజివీడుకూ హెచ్చరికే.

అన్ని చోట్లా ఊపు ఒకేలా ఉండదా?

ఉండదు. నూజివీడు మామిడి తోటల వైపు ఎర్ర నేలలు ఎక్కువ. దిగువన కొల్లేరు వైపు వెళ్తే నల్ల బంకమట్టి. గట్టి రాతిలో భూకంప తరంగాలు వేగంగా వెళ్లిపోతాయి. మెత్తటి మట్టిలోకి వచ్చేసరికి వేగం తగ్గి, ఊపు పెరుగుతుంది. 1985లో మెక్సికో సిటీలో జరిగింది ఇదే. భూకంప కేంద్రం సుమారు 350 కిలోమీటర్ల దూరంలో ఉన్నా, పాత చెరువు మట్టిపై కట్టిన భవనాలు కుప్పకూలాయి. వేల మంది చనిపోయారు.

టెస్టులు ఎలా చేస్తారు?

ఎస్‌పీటీ: బోరు వేసి, అందులో గొట్టం దించుతారు. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి దానిపై వదులుతారు. మొదటి 15 సెంటీమీటర్లు వదిలేసి, తర్వాతి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కిస్తారు. 10 లోపైతే మెత్తటి నేల, 30 దాటితే గట్టి నేల.

ఎంఏఎస్‌డబ్ల్యూ: దీనికి బోరు అక్కర్లేదు. నేలపై ప్లేటు పెట్టి సుత్తితో కొడతారు. వరుసగా పెట్టిన జియోఫోన్లు ఆ కంపనాలను పట్టుకుంటాయి. పై 30 మీటర్లలో తరంగాల వేగం సెకనుకు 180 మీటర్ల లోపుంటే జాగ్రత్త పడాల్సిందే.

భూగర్భ జలం ఎంత లోతులో ఉందో కూడా చూస్తారు. నీళ్లు నిండిన వదులు ఇసుక భూకంపంలో బురదలా మారి, భవనం కుంగిపోవచ్చు.

జోన్ మ్యాప్ సరిపోదా?

2016 నాటి ప్రమాణాల్లో విజయవాడ జోన్-3లో ఉంది. అది ఊరంతటికీ ఒకటే మాట. వీధి వీధికీ తేడా తెలియాలంటే మైక్రోజోనేషన్ కావాలి. ఢిల్లీ, బెంగళూరు, జబల్‌పూర్‌లలో ఇలాంటి మ్యాపులు తయారయ్యాయి.

మామిడి తోట కొట్టి వేసిన వెంచరైనా, పూడ్చిన చెరువులో ప్లాటైనా, పునాది తీయకముందే సాయిల్ రిపోర్ట్ అడగండి. దాన్ని బట్టే ఇంజినీర్‌తో డిజైన్ చేయించుకోండి. భూకంపం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. కింద నేల ఎలాంటిదో మాత్రం ముందే తెలుసుకోవచ్చు.