మీకు తెలుసా? నమూనాకే కాదు, అసలు విమానానికీ పుట్టీ పూశారు!

రెండో ప్రపంచ యుద్ధంలో పేరు మోసిన అమెరికన్ యుద్ధ విమానం పి-51 మస్టాంగ్. రెక్క మీద గాలి సాఫీగా జారిపోవాలని, ముందు భాగంలోని రేకుల అతుకులనూ రివెట్లనూ ఫ్యాక్టరీలోనే పుట్టీతో పూడ్చి, నున్నగా రుద్ది, రంగు వేసేవారు. అందుకే మస్టాంగ్ ప్లాస్టిక్ నమూనా చేసే చాలామంది కిట్‌లోని రెక్క మీద చెక్కి ఉన్న గీతలను కూడా పూడ్చేస్తారు. నమూనా భాగాలు అతికిన చోట మిగిలే సందులను పూడ్చే చిట్కాలు ఇవి:

• చాలా కిట్లు పాలీస్టైరీన్‌వే. వీటి జిగురు ప్లాస్టిక్‌నే కాస్త కరిగించి అంచులను కలిపేస్తుంది. గట్టిగా అదిమితే కరిగిన ప్లాస్టిక్ పైకి ఉబుకుతుంది. ఆరాక గరుకు కాగితంతో రుద్దితే సన్నటి సందు మాయం!

• భాగాలు కత్తిరించాక మిగిలే ఫ్రేమ్‌ను పారేయకండి. చిన్న ముక్కలు చేసి ద్రవ జిగురులో నానబెడితే, ఆ ప్లాస్టిక్‌తోనే చిక్కటి పూత సిద్ధం.

• ట్యూబు పుట్టీలోని ద్రావకం ఆవిరయ్యేకొద్దీ పుట్టీ కుంచించుకుపోతుంది. లోతైన సందును పొరలు పొరలుగా, ప్రతి పొరనూ ఆరనిచ్చి నింపాలి.

• సూపర్ గ్లూ అంతగా కుంచించుకుపోదు. కానీ మర్నాటికి ప్లాస్టిక్ కంటే గట్టిపడుతుంది. అప్పుడు రుద్దితే చుట్టూ ఉన్న ప్లాస్టిక్కే అరుగుతుంది. పూసిన రోజే రుద్దేయాలి.

• నీటితో కరిగే యాక్రిలిక్ పుట్టీకి రుద్దుడే అక్కర్లేకపోవచ్చు. ఆరకముందే తడి దూదిపుల్లతో అదనపుది తుడిచేయొచ్చు. రెక్క మొదలు దగ్గరి మూలలకు ఇదే మేలు.

• కంటికి కనబడని సందును ప్రైమర్ పట్టిస్తుంది. అసలు రంగుకు ముందు బూడిదరంగు ప్రైమర్ పూత ఒకటి తప్పక వేయండి.