చివరి చిన్న మాట

ఆఫ్రికాలో సుమారు 500 బంటూ భాషలున్నవి. తూర్పు తీరపు స్వాహిలీలో 'నినాజువా' అంటే నాకు తెలుసు, 'సిజుయి' అంటే తెలియదు. మన 'తెలియదు' వలెనే కాదనుట క్రియలోనే ఇమిడియున్నది. కాంగో ప్రాంతపు కికోంగోలోనైతే క్రియకు ముందొక మాట, వెనుక 'కో' అని మరొకటి వచ్చును. కొన్ని బంటూ భాషలలో ఇట్టి వెనుక మాట మొదట నొక్కి చెప్పుటకే చేరినదని పండితులందురు. రాను రాను ముందుది అరిగిపోయి, బరువంతా వెనుకదానిపై పడినది.

పొరుగున లింగాలాలో కాదనే మాట చివరనే. 'కొయిబా' అంటే దొంగిలుట, 'కొయిబా తె' అంటే దొంగిలవద్దు. ఆజ్ఞలు చదువువారు ఆ 'తె'ను మింగినచో సంఘానికి దొంగతనమే వినబడును! తెలుగులోను 'కూడదు' చివరనే గదా. వాక్యం చివర గొంతు దించి చదువువారు మన సంఘాలలోను లేకపోలేదు.