వానగోడకు పలకల తొడుగు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల పల్లెలలో మట్టిగోడలపై మట్టిమిద్దె పూర్వాచారము. ఎండకు అంత చల్లనియిల్లు వేరొకటి లేదు. వానకు మాత్రమది లొంగును. నైరుతిగాలికి పడమటి జల్లు కొట్టి గోడ మొదలు నానును. నానినగోడ రాత్రివేళ నిద్రించువారిపై కూలుట మనము వినని సంగతి కాదు. 2009 అక్టోబరులో కృష్ణా తుంగభద్రలు పొంగినపుడు ఆలంపురము వైపు కూలిన యిండ్లను మనలో పెక్కురెరుగుదురు. వరదను పలకలు ఆపజాలవు. జల్లును చక్కగా ఆపును.

అమెరికావంటి దేశములలో ఒకదానిపై నొకటి యెక్కు పలకలతో ఇంటినంతయు కప్పుదురు. మనకంత వ్యయమేల? వానకొట్టు గోడ కొకదానికి, లేదా విత్తనపుకొట్టుకు చేసికొనిన చాలును.

పలకలు చేవగల టేకువై, బాగుగ ఆరినవై యుండవలెను. తెల్లచెక్కను చెద విడువదు. నల్లమల కట్టెను చాటుగా తెచ్చుట నేరము. రసీదునిచ్చు అడితిలోనే కొనవలెను.

మట్టిగోడలో మేకు నిలువదు. కావున రెండడుగుల కొక నిలువుబద్దెను పైన దూలమునకును, క్రింద రాతిపునాదికిని బిగించి, పలకలను వానికి కొట్టవలెను. పలకలకును గోడకును నడుమ వేలెడు సందున్ననే గాలియాడి చెక్క ఆరును.

అడుగుపలక నేలకు 8 అంగుళముల యెత్తున నుండవలెను. పునాదిరాయి కనబడుచుండిననే చెదల మట్టిబాటను కనిపెట్టగలము. ఆ పలక వెనుక క్రిందియంచున సన్నబద్ద నుంచినచో అదియు పైవానివలె వాలుగా నిలుచును. పిదప క్రిందినుండి పైకి, పెంకులు పరచునట్లు, ప్రతిపలకయు క్రిందిదానిపై అంగుళము ఎక్కవలెను.

ఇక మేకు సంగతి. ఎక్కినచోట రెండు పలకలను కలిపి మేకు కొట్టరాదు. క్రిందిపలక అంచునకు కొంచెము పైగా, పైపలక నుండి మాత్రమే బద్దెలోనికి దిగవలెను. చెక్క వానకు ఉబ్బును, వేసవికి ముడుచుకొనును, కదలనీయనిచో చీలును. నేనొకసారి తొందరపడి పచ్చిపలకలను రెండేసి మేకులతో బిగింపించితిని. మరుసటి వైశాఖమునకు గోడనిండ పగుళ్లే! మేకులకు తుత్తునాగపు పూత యుండవలెను, లేనిచో త్రుప్పుమరకలు కారును.

పలకలకు ముందు, వెనుక, కోసిన కొనలకును కొట్టుటకు మునుపే రంగు పూయవలెను. నీరు కొనలనుండియే ఎక్కువ త్రాగును. అతుకులు బద్దెమీదనే పడవలెను, ఒక వరుస అతుకుపై మరియొకటి రారాదు.

10 అడుగుల యెత్తుగోడకు 6 అంగుళముల పలకలైన 24 వరుసలు పట్టును. గోడ పొడవు కొలిచి, తరుగునకు కొంత చేర్చి, నలుగురు సభ్యులు కలిసి కొనినచో బండికూలి కలిసివచ్చును.